బతికుంటే జోకర్‌కి ఆస్కార్ వచ్చేదా?

హాస్టల్ రూమ్ 14 (ప్రశ్న):

నిన్న రాత్రి మా రూమ్‌లో బ్యాట్‌మన్ సినిమా డార్క్ నైట్ చూశాం. నాకు నాలుగోసారి, మా రూమ్మేట్‌కి మొదటిసారి. సినిమా అయిపోగానే వాడన్న మొదటి మాట, "బాగానే చేశాడు గానీ, చచ్చిపోయాడని ఇచ్చార్రా ఆస్కార్." అక్కడ మొదలైన గొడవ మూడింటికి పక్క రూమ్ వాళ్లు గోడ మీద కొట్టేదాకా నడిచింది.

వాడి వాదన ఇది. అందులో విలన్ జోకర్ వేసిన హీత్ లెడ్జర్ 2008 జనవరి 22న చనిపోయాడు, 28 ఏళ్లకే. సినిమా జూలైలో వచ్చింది. అంటే థియేటర్లో కూర్చున్న ప్రతివాడికీ ఈ కుర్రాడు ఇప్పుడు లేడని ముందే తెలుసు. ఆ జాలితో చూస్తే ఏ సీనైనా గొప్పగానే ఉంటుందట. పైగా 1989లో జాక్ నికల్సన్ అంతటివాడు ఇదే జోకర్ వేస్తే ఆస్కార్ వాళ్లు నామినేషన్ కూడా ఇవ్వలేదు, ఇతనికి మాత్రం ఎందుకిచ్చారు అంటాడు.

నాకు ఒళ్లు మండింది గానీ "సూపర్ రా, నీకు తెలీదు" అనడం తప్ప సరైన జవాబు ఒక్కటీ రాలేదు. పందెం కూడా కట్టాం, ఓడినవాడు బిర్యానీ పెట్టాలి. ఆ సినిమా వచ్చినప్పుడే చూసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నిజంగా అర్హత ఉందా, లేకపోతే జాలేనా?

మ్యాట్నీ మాత్రమే:

నా ఓటు మీ రూమ్మేట్‌కి. ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్లు ప్రకటించిన తేదీ చూడండి, 2009 జనవరి 22. సరిగ్గా సంవత్సరీకం రోజు. ఆ పేరు చదివాక ఇంక పోటీ ఎక్కడుంది? గోల్డెన్ గ్లోబ్ అప్పటికే ఇచ్చేశారు, ఆ తర్వాత బ్రిటన్ వాళ్ల బాఫ్టా కూడా. మిగతా నలుగురూ కోట్లేసుకుని వచ్చి చప్పట్లు కొట్టి వెళ్లడానికే.

ఆ నలుగురిలో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ ఉన్నాడు, డౌట్ సినిమాకి. చర్చి ఫాదర్ వేషం. ఆ ఫాదర్ తప్పు చేశాడా లేదా అన్నది చివరిదాకా మనకి తేల్చి చెప్పకుండా నిలబెట్టాడు. మొహానికి రంగు పూసుకుని, గొంతు మార్చి, నాలుక ఆడిస్తే నటిస్తున్నాడని అందరికీ తెలుస్తుంది. మామూలు మొహంతో అనుమానం పుట్టించడం అంతకన్నా కష్టం.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. 2006లో బ్రోక్‌బ్యాక్ మౌంటెన్‌కి లెడ్జర్ పోటీలో ఉన్నప్పుడు గెలిచింది ఇదే హాఫ్‌మన్, కపోటీ సినిమాకి. మూడేళ్ల తర్వాత పాత బాకీ తీర్చినట్టున్నారు.

రంగులపెట్టె, తెనాలి:

బాబూ, నేను సినిమా మనిషిని కాను. పౌరాణిక నాటకాలకి మేకప్ చేస్తాను, ముప్పై ఏళ్లు దాటింది. ఈ సినిమా మా అబ్బాయి బలవంతం మీద 2008లో హైదరాబాద్ ప్రసాద్స్‌లో పెద్ద తెర మీద చూశాను. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. అందుకే కాబోలు మొహం బాగా చూశాను.

మొదట నాకు నచ్చలేదు. నిజం చెప్తున్నా. మేం మొహానికి అర్దళం, సఫేదా రంగులు వేసినప్పుడు ఎక్కడా గీత పడకూడదు, మెడకీ చెవికీ అతుకు కనపడకూడదు అని ప్రాణం పెడతాం. ఇక్కడ చూస్తే తెల్లరంగు పెచ్చులు పెచ్చులుగా ఉంది, కంటి నలుపు చెంపల మీదికి జారింది, ఎర్రరంగు పెదవి దాటి పోయింది. ఎవర్రా ఈ మేకప్ మనిషి, తాగొచ్చాడా అనుకున్నా. ఓ పావుగంట గడిచాక వెలిగింది. అది చెరిగిపోయిన రంగు కాదు, చెరిగిపోయినట్టు వేసిన రంగు. తర్వాత ఎప్పుడో చదివాను, నుదురు ముడిచి, మొహం మెలితిప్పమని చెప్పి అలా ఉండగానే తెల్లరంగు పూసేవాళ్లట. ముడతలోకి రంగు వెళ్లదు, మొహం వదిలేసరికి గీతలు పడతాయి. ఆ రాత్రి ఇంటికెళ్లి అద్దం ముందు నా మొహం మీదే వేసి చూసుకున్నా. మా ఆవిడ లేచి చూసి కెవ్వుమంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ జోకర్ మాటిమాటికీ పెదవులు నాకుతాడు, నోటి పక్కకి నాలుక పోనిస్తాడు, చూశారు కదా? మ్యాట్నీ గారు నాలుక ఆడించడం అంటే తేలిగ్గా తీసేశారు, అందుకే ఇంత రాస్తున్నా. నోటికి రెండు పక్కలా మచ్చలు సిలికాన్‌తో చేసి అతికించారు. నోటి మూల దగ్గర అతికించింది ఏదీ నిలవదు. మాట్లాడితే లాగుతుంది, ఉమ్మి తగిలితే వదులవుతుంది. ఊడొస్తున్న ముక్కని సర్దుకోవడానికి మొదలైన అలవాటే ఆ నాకడం అని ఆయనకి ఉచ్చారణ నేర్పిన మనిషి చెప్పాడు. అంటే అది మా పనిలో ఉన్న ఇబ్బంది. దాన్ని ఆయన ఆ పాత్ర బుద్ధిగా మార్చేశాడు. తీసేసి చూడండి, సగం భయం పోతుంది.

ఇలాంటిది నేను కళ్లారా ఒకసారి చూశాను. దుగ్గిరాల పక్కన ఒక ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో రాయబారం సీను. ఎండాకాలం, పైన ఫోకస్ లైట్లు, చెమట ధారలు. సుయోధనుడికి నేనే క్రేప్ మీసం స్పిరిట్ గమ్‌తో అతికించాను. కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడు. నేను స్టేజీ పక్క తెర దగ్గర నిలబడి చూస్తున్నా, కుడివైపు మీసం కొస లేచింది. నా గుండె జారిపోయింది. ఆ నటుడు ఒక్క క్షణం కూడా తడబడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ కాలు ముందుకి చాపి, కుడి చేత్తో మీసం మీద వేలు పెట్టి నొక్కి, మెల్లగా మెలేయడం మొదలుపెట్టాడు. కృష్ణుడు సంధి సంగతి పాడుతున్నాడు, ఈయన మీసం మెలేస్తూ ఆయన వైపు చూడడం లేదు, జనం వైపు చూస్తున్నాడు. జనానికి అది పొగరు. నాకూ ఆయనకీ తెలుసు, అది గమ్. జనం వన్స్‌మోర్ అని అరిచి కృష్ణుడి చేత ఆ పద్యం మళ్లీ పాడించారు, ఇంకో నాలుగు నిమిషాలు ఆ వేలు అక్కడే. ఆ తర్వాత మీసం గట్టిగా ఉన్న నాటకాల్లో కూడా ఆ సీనులో ఆయన అదే చేసేవాడు. మరో ఊళ్లో ఇంకో నటుడికి ఇలాగే అయితే చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టాడు. ఇద్దరికీ పెట్టింది ఒకే సీసాలోని గమ్.

అందుకని నా ఓటు హీత్ లెడ్జర్‌కి. చనిపోకపోయినా ఇదే ఓటు.

ఒక పని చేయండి. పోలీస్ స్టేషన్‌లో బ్యాట్‌మన్ జోకర్‌ని ప్రశ్నించే సీను ఉంది కదా, అది సౌండ్ ఆపేసి చూడండి. తన్నులు తింటున్నది ఒకడు, కానీ పైచెయ్యి ఎవరిది? కొడుతున్నవాడి మొహంలో భయం కనిపిస్తుంది, తింటున్నవాడు హాయిగా ఉన్నాడు. నిజంగానే కొట్టమని తనని రెచ్చగొట్టేవాడని బ్యాట్‌మన్ వేసిన క్రిస్టియన్ బేల్ చెప్పాడు. ప్రతినాయకుడి గొప్పతనం ఎదుటివాడి మొహంలో వెతకాలని మా నాన్న అనేవాడు. ఆయన కీచకుడు వేసేవాడు లెండి. మైఖేల్ కెయిన్ లాంటి పాతకాపు ఈ జోకర్ లిఫ్ట్‌లోంచి మొదటిసారి ఎదురుగా వచ్చేసరికి తన డైలాగు మర్చిపోయాడట.

ఆ మచ్చల కథ సంగతి కూడా. ఎలా వచ్చాయో ఒకడికి ఒకలా చెప్తాడు, ఆ అమ్మాయికి ఇంకోలా చెప్తాడు. ఒకసారి తండ్రి, ఇంకోసారి భార్య. రెండోది విన్నప్పుడు మొదటిది అబద్ధమని తెలిసిపోయింది కదా, అయినా రెండోది నమ్మేశాం. అది రాసినవాడి గొప్పే, కాదనను. కానీ రెండుసార్లూ కళ్లలో తడి ఒకేలా పెట్టినవాడు నటుడు.

హాఫ్‌మన్ సంగతి నేను కాదనను, ఆ సినిమా నేను చూడలేదు. పోయినవాడికి ఎదురు నిలబడి ఎవరూ గెలవలేకపోయారు, అది కూడా నిజమే. ఆ సంగతి ఓటు వేసినవాళ్లని అడగాలి, ఆయనని కాదు. నవంబర్ 2007కే షూటింగ్ అయిపోయింది, జాలి పడేవాళ్లెవరూ లేనప్పుడే ఆ పని అంతా చేసి వెళ్లాడు.

నా బాధల్లా మేకప్ గురించే. ఆ రంగు వేసిన జాన్ కాగ్లియోన్, మచ్చలు చేసిన కానర్ ఓసల్లివన్ ఇద్దరికీ అదే ఏడాది మేకప్‌కి నామినేషన్ వచ్చింది. ఆస్కార్ మాత్రం బెంజమిన్ బటన్‌కి వెళ్లింది. కుర్రవాణ్ని ముసలివాడిలా చేస్తే అందరికీ కనపడుతుంది మరి.

సెకండ్ షో సుబ్బులు:

ఆ ఆస్కార్ నేను లైవ్ చూశాను. మనకి 23 ఫిబ్రవరి, సోమవారం పొద్దున, మహాశివరాత్రి. అమ్మ ఉపవాసం, వంటింట్లో పొయ్యి వెలగలేదు, నేను టీవీ ముందు కదల్లేదు. చూసింది జోకర్ కోసం కాదు, రెహమాన్ కోసం. ఆ రోజు స్లమ్‌డాగ్‌కి ఎనిమిది వచ్చాయి. రెహమాన్ కన్నా ముందే ఈ అవార్డు ఇచ్చారు. ఐదుగురు పాత విజేతలు వరసగా నిలబడి, ఒక్కొక్కరి గురించి ఒక్కొక్కరు మాట్లాడారు. హీత్ లెడ్జర్ తరఫున అమ్మ, నాన్న, అక్క స్టేజీ ఎక్కారు. మూడేళ్ల కూతురు మెటిల్డా కోసం తీసుకుంటున్నామన్నారు. కింద కూర్చున్న పెద్ద పెద్ద స్టార్లు కళ్లు తుడుచుకున్నారు. మా అమ్మ ఆ తండ్రి మొహం చూసి "కొడుకు సామాను తీసుకోవడానికి వచ్చినట్టున్నాడే పాపం" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తు.

కాబట్టి జాలి లేదని నేను అనను. కానీ జాలితోనే ఇస్తారంటే లెక్క కుదరదు. జేమ్స్ డీన్‌కి చనిపోయాక రెండు నామినేషన్లు, రెండూ పోయాయి. స్పెన్సర్ ట్రేసీకి పోయింది. ఇటలీ నటుడు మాస్సిమో ట్రోయిసీ తన సినిమా షూటింగ్ అయిన మర్నాడే చనిపోయాడు, దానికన్నా జాలి ఏముంటుంది? ఇవ్వలేదు. 2021లో చాడ్విక్ బోస్‌మన్‌కి గ్యారంటీ అనుకుని ఎప్పుడూ చివర్లో ఇచ్చే ఉత్తమ చిత్రాన్ని ముందుకి జరిపి, ఉత్తమ నటుణ్ని ఆఖరికి పెట్టారు. తీరా చూస్తే ఆంథనీ హాప్‌కిన్స్ పేరు వచ్చింది, ఆయన హాల్లో కూడా లేడు. నటనకి చనిపోయాక గెలిచింది ఇద్దరే, 1977లో పీటర్ ఫించ్, తర్వాత ఇతను. ఫించ్ ఓడించింది ఎవరినో తెలుసా, టాక్సీ డ్రైవర్ డి నీరోని. కావాలంటే అక్కడ కొట్లాడుకోండి, ఇక్కడ కాదు.

చనిపోకపోతే విలన్ వేషానికి ఇస్తారా అంటే, దానికి కూడా ఒక మాట. ముందు ఏడాది సహాయ నటుడి ఆస్కార్ హవియర్ బార్డెమ్‌కి, తర్వాతి ఏడాది క్రిస్టఫ్ వాల్ట్జ్‌కి. ఇద్దరూ విలన్లే, ఇద్దరూ దుక్కల్లా ఉన్నారు. ఆ మూడేళ్లూ విలన్ల హవా.

మన దగ్గర శ్రీదేవికి ఇదే జరిగింది కదా. 2018 ఫిబ్రవరిలో పోయింది, ఏప్రిల్‌లో మామ్ సినిమాకి జాతీయ అవార్డు. చనిపోయిందని ఇవ్వొద్దు, మళ్లీ ఓటు వేయండి అని రోజూ జ్యూరీని అడిగానని జ్యూరీ పెద్ద శేఖర్ కపూర్ చెప్పారు, అయినా ప్రతిసారీ ఆవిడ పేరే వచ్చిందట. నన్నడిగితే మామ్‌కి కాదు, ఆవిడకి ఎప్పుడో ఇవ్వాల్సింది ఆలస్యంగా ఇచ్చారు. ఇక్కడ మాత్రం నేను మ్యాట్నీ గారి పక్షం, అది బాకీ తీర్చడమే. హీత్ లెడ్జర్‌ది అలా అనిపించలేదు.

ఫస్ట్ బెల్:

ఆ పాత్రే అతన్ని చంపింది అంటారు కదా, నెల రోజులు హోటల్ గదిలో తాళం వేసుకుని పిచ్చెక్కించుకున్నాడని. అంత చేసినవాడికి అవార్డు ఇవ్వకపోతే ఎలా? హాస్పిటల్ పేల్చే సీనులో బాంబు పేలకపోతే అప్పటికప్పుడు రిమోట్ కొట్టుకుంటూ నటించాడట, అదొక్కటి చాలు.

రంగులపెట్టె, తెనాలి:

ఫస్ట్ బెల్ తమ్ముడూ, రెండూ వాట్సాప్ కథలు. హాస్పిటల్ సీనులో ఆ ఆగడం ముందే అనుకున్నది. పాత బిల్డింగ్‌ని నిజంగా పేల్చేటప్పుడు నటుణ్ని పక్కన పెట్టుకుని ఎవరూ అదృష్టం మీద వదిలేయరు. అయినా అందులో ఆయన చేసింది తక్కువేం కాదు. నర్సు గౌనులో ఆ నడక చూడు, స్కూలు వదిలిన పిల్లాడిలా.

హోటల్ గదిలో కూర్చున్న మాట నిజమే, ఆయనే చెప్పాడు. ఆ గొంతూ ఆ నవ్వూ కుదిరేదాకా సాధన చేశాడు, ఒక డైరీ రాసుకున్నాడు. దాన్ని పిచ్చి అంటారా? మా దగ్గర పద్యం పట్టుబడేదాకా తెల్లారుజామున కాలవ గట్టు మీద కూర్చుని అరిచేవాళ్లని కూడా పిచ్చివాళ్లనే అనేవాళ్లు. ఆయన మందుల వల్ల పోయాడు, డాక్టర్లు రాసిచ్చే రకరకాల మందులు కలిసి. అది ప్రమాదమని పరీక్షలో తేలింది. జోకర్ వేసినన్నాళ్లూ వాడు సరదాగానే ఉన్నాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. వేషం చంపింది అంటే వినడానికి బాగుంటుంది, పని తెలిసి చేసిన మనిషికి మాత్రం అవమానం.

మ్యాట్నీ మాత్రమే:

ఆ నాలుక సంగతి నాకు తెలియదండీ. ఒప్పుకుంటున్నా, నటుడికి మార్కులు. అయినా హాఫ్‌మన్‌ని వదలను. మీరు ఆ డౌట్ ఒకసారి చూడండి, మేకప్ ఏమీ లేదని విసుక్కోకుండా.

హాస్టల్ రూమ్ 14:

అందరికీ థ్యాంక్స్. ముఖ్యంగా తెనాలి బాబాయ్‌కి.

మీరు చెప్పినట్టే ఆ సీను సౌండ్ ఆపేసి చూశాం. ఈసారి రూమ్‌లో ఆరుగురం ఉన్నాం. మొదట నవ్వులాట, నిమిషం తర్వాత ఎవరూ మాట్లాడలేదు. తల బల్లకేసి కొట్టాక కూడా జోకర్ ఏదో క్లాసులో డౌట్ అడిగినట్టు మొహం పెడతాడు, సౌండ్‌తో చూసినప్పుడు నేను అది ఎప్పుడూ గమనించలేదు. తర్వాత సినిమా మొత్తం పెట్టి నాలుక ఎన్నిసార్లు బయటికి వస్తుందో లెక్కపెట్టడం మొదలుపెట్టాం, ఇరవై దాటాక లెక్క తప్పింది.

మా రూమ్మేట్ సగం దిగాడు. "అర్హత ఉంది, కానీ బతికుంటే పోటీ ఉండేది" అంటున్నాడు. నేను ఇదే కదా బాబాయ్ చెప్పింది, నువ్వు ఓడిపోయావు అన్నాను. కాదు, డ్రా అంటాడు. చివరికి బిర్యానీ చెరి సగం వేసుకుని తెప్పించుకున్నాం, లెగ్ పీస్ వాడే తీసుకున్నాడు.

ఒక్క డౌట్ బాబాయ్. ఆ మీసం సుయోధనుడికి ఏదైనా ప్రైజు వచ్చిందా?

రంగులపెట్టె, తెనాలి:

రాలేదు బాబూ. నాటక పరిషత్తుల పోటీల్లో ప్రైజుకి మూడుసార్లు దగ్గరిదాకా వెళ్లాడు, మూడుసార్లూ కృష్ణుడికే అన్నీ పోయాయి. ఇప్పుడు వేషాలు మానేశాడు, మోకాళ్ల నొప్పులు. మొన్న మాఘమాసంలో ఒక పెళ్లిలో భోజనాల దగ్గర కనిపించాడు. పప్పు వడ్డించేవాడు తనని దాటి ముందుకి పోయేసరికి ఒక్క మాట అనకుండా వెనక్కి వాలి, మీసం మీద వేలు పెట్టి వాడి వైపు చూశాడు. వాడు వెనక్కొచ్చి నెయ్యి కూడా వేసి వెళ్లాడు.

మీసం ఇప్పుడు సొంతదే.